పొగ విస్కీతో పేచీలు: ఏ తేడాకు ఏది కారణం, ఏం చేయాలి

వేలకు వేలు పోసి కొన్న సింగిల్ మాల్ట్ రెండు పెగ్గులు మాత్రమే తగ్గి బీరువాలో అలాగే ఉండిపోయిందంటే, అది పొగ ఘాటు విస్కీ అయ్యే అవకాశమే ఎక్కువ. మామూలు స్కాచ్ నచ్చకపోతే సోడా పోసి కానిచ్చేయవచ్చు. దీని వాసనను అలా దాచలేం. అయితే చాలాసార్లు తప్పు విస్కీది కాదు. పెట్టె మీది అంకెను నమ్మి కొనడంలోనో, పోసుకునే తీరులోనో ఉంటుంది.

ఫిర్యాదుల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఈ పొగ పీపా నుంచి వచ్చేది కాదు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్‌ను కాలుస్తారు (అలా ఆరబెట్టిన గింజే మాల్ట్). చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నాచు, గడ్డి, పొదల పొరే పీట్. ఆ పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు గింజకు పట్టుకుంటాయి. స్కాట్లాండ్ పశ్చిమాన ఉన్న ఐలా ద్వీపం ఈ తరహా విస్కీకి పెట్టింది పేరు. అక్కడి దక్షిణ తీరంలో పోర్ట్ ఎలెన్ ఊరు దాటాక లాఫ్రాయిగ్, లాగవూలిన్, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలు (విస్కీ తయారీ కేంద్రాలు) ఒకే రోడ్డు మీద వరుసగా కనిపిస్తాయి.

“పీపీఎం ఎక్కువని కొన్నాను, పొగ మాత్రం అంతగా లేదు”

అన్నిటికంటే ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఈ అంకే. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఫినాల్ ఎన్ని భాగాలు అనే లెక్క. దాన్ని కొలిచేది ఆరబెట్టిన బార్లీలో, మీ గ్లాసులోని విస్కీలో కాదు. గింజను పిండి చేసి నానబెట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పట్టి, ఏళ్ల తరబడి పీపాలో ఉంచేసరికి ఆ ఫినాల్‌లో చాలా భాగం దారిలోనే పోతుంది. ఎంత పోతుందన్నది డిస్టిలరీని బట్టి మారుతుంది. కాబట్టి రెండు వేర్వేరు డిస్టిలరీల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

దీనికి లాగవూలిన్, అదే ద్వీపపు కాల్ ఈలాలను మించిన రుజువు అక్కర్లేదు. రెండూ ఒకే కంపెనీవి. రెండింటికీ పోర్ట్ ఎలెన్‌లోని ఒకే కేంద్రం నుంచి సుమారు 35 పీపీఎం మాల్ట్ వస్తుంది. అయినా లాగవూలిన్ చిక్కగా, బరువుగా, తీపి కలిసిన పొగతో ఉంటుంది. కాల్ ఈలాలో నిమ్మతొక్క, ఉప్పు, బూడిద తగులుతాయి తప్ప ఆ బరువు ఉండదు. కాల్ ఈలాలో బట్టీ పట్టే రాగి పాత్రలు పొడవైనవి. ఆవిరి రాగిని ఎక్కువసేపు తాకుతుంది, బరువైన భాగాలు చాలావరకు వెనక్కి జారిపోతాయి. లాగవూలిన్ పాత్రలు బేరిపండు ఆకారంలో ఉంటాయి, అక్కడ బట్టీ నిదానంగా సాగుతుంది.

ఇంకో కీలకం బట్టీ నుంచి దిగే ధారను పట్టడం ఎక్కడ ఆపుతారన్నది. ఫినాల్ పదార్థాలు ధార చివరి దశలో ఎక్కువగా దిగుతాయి. త్వరగా ఆపితే పొగ తేలికగా ఉంటుంది. ఆలస్యం చేస్తే తారు, అయోడిన్ దాకా వెళుతుంది. లాఫ్రాయిగ్ ఆలస్యంగా ఆపే రకం. బ్రూక్‌లాడీ డిస్టిలరీలో పొడవైన సన్న మెడల పాత్రలతో తేలికైన ధార తీస్తారు. అక్కడే తయారయ్యే ఆక్టోమోర్ 08.3 అనే సీసాకు మాల్ట్‌లో 309.1 పీపీఎం నమోదైంది. సాధారణంగా 50కి కాస్త పైన ఉండే ఆర్డ్‌బెగ్‌తో లెక్క వేస్తే ఆరు రెట్లు. తాగినప్పుడు ఆరు రెట్లు పొగ వస్తుందనుకుంటే నిరాశ తప్పదు. ఆక్టోమోర్ గొప్ప విస్కీయే. దాని గొప్పతనం ఆ అంకెలో మాత్రం లేదని నా అభిప్రాయం.

ఏం చేయాలి? పీపీఎంను ఒకే డిస్టిలరీ సీసాల మధ్య మాత్రమే పోల్చండి. ఐలాలోని కిల్‌హోమన్ డిస్టిలరీ తానే తయారుచేసుకునే మాల్ట్‌కు సుమారు 20, బయటి నుంచి తెప్పించుకునే మాల్ట్‌కు సుమారు 50. అక్కడ ఆ తేడా గ్లాసులోనూ తెలుస్తుంది. వేర్వేరు డిస్టిలరీల మధ్య ఎంచుకోవాల్సి వస్తే వయసు, ఆల్కహాల్ శాతం, పీపా రకం, ఈ వరుసలో చూడండి. పొగ తీవ్రంగా కావాలంటే వయసు తక్కువ ఉన్నదే మేలు. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ పొగ మెత్తబడి చెక్క రుచులతో కలిసిపోతుంది. 5 ఏళ్ల ఆర్డ్‌బెగ్ వీ బీస్టీ, 8 ఏళ్ల లాగవూలిన్ ముక్కు మీద కొట్టినట్టు ఉండటానికి అదే కారణం. 16 ఏళ్ల లాగవూలిన్ ధర ఎక్కువ, పొగ పదును తక్కువ. ఆ ధర పెట్టేది మెత్తదనానికి.

“డెట్టాల్ తాగుతున్నట్టుంది”

ఇది లాఫ్రాయిగ్ 10 ఏళ్ల సీసాతో మొదలుపెట్టినవాళ్ల మాట. అది సీసాలోని లోపం కాదు, ఆ డిస్టిలరీ స్వభావమే. ఫినాల్ కుటుంబంలోని క్రెసాల్స్ వాసన మనకు తెలిసిన క్రిమినాశకాలకు దగ్గరగా ఉంటుంది. ఐలా పీట్‌లో నాచు పాలు ఎక్కువ, చెట్ల కలప పాలు తక్కువ. దాని పొగ కట్టెల పొయ్యి వైపు కాకుండా మందుల అల్మారా వైపు మొగ్గుతుంది. అమెరికాలో మద్యనిషేధం ఉన్న కాలంలో లాఫ్రాయిగ్ ఔషధం పేరుతో చట్టబద్ధంగా అమ్ముడయింది కూడా. వాసన చూసిన అధికారులు నమ్మి ఉంటారు మరి.

పొగ ఇష్టమే, ఆసుపత్రి వద్దు అనుకుంటే దిశ మార్చాలి. స్కాట్లాండ్ ప్రధాన భూభాగపు పీట్‌తో చేసే ఆర్డ్‌మోర్‌లో పొగ కట్టెల మంటకు దగ్గరగా ఉంటుంది. స్కై ద్వీపపు టాలిస్కర్ 10లో పీపీఎం ఐలా దిగ్గజాల కంటే తక్కువ, మిరియాల ఘాటు ఎక్కువ. అక్కడి నుంచి కాల్ ఈలా 12, తర్వాత ఆర్డ్‌బెగ్ 10, చివరికి లాఫ్రాయిగ్. ఈ వరుసలో వెళితే ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

సీసా మార్చే ముందు నీటిని కూడా అనుమానించండి. మున్సిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఫినాల్‌కు క్లోరిన్ తోడైతే మందుల వాసన ఇంకా పెరుగుతుంది. ప్యూరిఫయర్ నీళ్లు లేదా కాచి చల్లార్చిన నీళ్లు వాడి చూడండి. బోరు నీళ్లయితే అసలే వద్దు. వాటిలోని ఉప్పు విస్కీ రుచిని చప్పున చంపేస్తుంది.

“నోరు మండటం తప్ప ఏమీ తెలియడం లేదు”

మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది ఆల్కహాల్ శాతం. పొగ మాల్ట్‌లను ఎక్కువ శాతంతో నింపడం మామూలే. ఆర్డ్‌బెగ్ 10లో 46, పోర్ట్ షార్లెట్ 10లో 50, ఆర్డ్‌బెగ్ ఊగడాల్‌లో 54.2, కొరివ్రెకన్‌లో 57.1 శాతం. భారత్‌లో అమ్మే సాధారణ స్కాచ్ సీసాల మీద తరచూ కనిపించే 42.8కి అలవాటుపడిన నాలుకకు ఇది దెబ్బే. 57.1 శాతం ఉన్న విస్కీ 30 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే సుమారు 42.8కి దిగుతుంది. ఒక్కసారిగా కాకుండా చెంచాతో కొద్దికొద్దిగా కలుపుతూ వాసన చూడండి. ఎక్కడో ఒకచోట మంట తగ్గి పొగ విడివడుతుంది.

రెండోది గది వేడి. స్కాట్లాండ్‌లో “గది ఉష్ణోగ్రత” అన్న మాటను విజయవాడ మే నెలకు వర్తింపజేయకూడదు. 38 డిగ్రీల విస్కీ నుంచి ముందు ఎగిసేది ఆల్కహాలే. సీసాను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చాలు. ఐస్ గ్లాసు నిండా వేస్తే వాసన అణిగిపోయి చేదు, బూడిద మాత్రం మిగులుతాయి.

మూడోది పళ్లెంలో ఉంది. మిరపకాయ బజ్జీ, కారం పల్లీలు నంజుకుంటూ 50 శాతం విస్కీ తాగితే మిరప మంటను ఆల్కహాల్ రెట్టింపు చేస్తుంది. వేయించిన జీడిపప్పు, కారం తగ్గించి కాల్చిన చేప, గట్టి చీజ్ ముక్క పొగతో బాగా పొసగుతాయి.

“మొదటి గుక్కలో ఉన్న పొగ మూడో గుక్కకు లేదు”

సాంబ్రాణి వేసిన గదిలో కాసేపు కూర్చుంటే వాసన తెలియకుండా పోయినట్టే ఇదీ. విస్కీ మారలేదు, ముక్కు అలవాటుపడింది. గ్లాసు పక్కన పెట్టి, నీళ్లు తాగి, బయటి గాలి పీల్చి రండి.

సీసాలను పోల్చేటప్పుడు ఇది మరీ ముఖ్యం. స్నేహితులంతా కలిసి ఐదారు సీసాలు వరుసగా పెట్టుకుని “ఏది గొప్ప” అని తేల్చే సభల్లో మూడో గ్లాసు తర్వాత వచ్చే తీర్పులకు విలువ లేదు. ఒక పూటకు రెండే, ఒక్కొక్కటి 15 మిల్లీలీటర్లు, రెండింటికీ ఒకే రకం గ్లాసు, ఒకే శాతానికి నీళ్లు. తేలికైనది ముందు, ఘాటైనది తర్వాత. పైన వెడల్పుగా ఉండే టంబ్లర్ కాకుండా, మూతి దగ్గర ఇరుకైన గ్లాసు వాడాలి.

“నీళ్లు కలపగానే మబ్బుపట్టింది”

ఏమీ కాలేదు. చల్లబరిచి వడకట్టని విస్కీలో మిగిలిన కొవ్వు ఆమ్లాలు, ఎస్టర్లు శాతం తగ్గినప్పుడు, చల్లబడినప్పుడు ఇలా తెల్లగా కనిపిస్తాయి. తాగండి.

“పొగతో పాటు కాలిన రబ్బరు, అగ్గిపుల్ల వాసన”

షెర్రీ (స్పెయిన్ ఘాటు వైన్) పీపాల్లో ఉంచిన పొగ మాల్ట్‌లలో ఇది ఎదురవుతుంది. పీపాలు పాడవకుండా గంధకం పొగ పట్టించే అలవాటు ఉంది, దాని ఆనవాలు మిగలవచ్చు. పావుగంట గ్లాసులో వదిలేస్తే కొంత పోతుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మీకు పడేది బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో ఉంచిన విస్కీ. ఆర్డ్‌బెగ్ 10, కాల్ ఈలా 12 ఆ వైపువే. గంధకం జాడ లేని షెర్రీ తీపి, పొగ బాగా కుదిరిన సీసా కావాలంటే ముందు ఊగడాల్ చూడండి.

స్కాచ్ ధర భారమైతే బెంగళూరు అమృత్ ఫ్యూజన్‌ను వదలకండి. స్కాట్లాండ్ పొగ బార్లీతో చేసినది కొంత, మన బార్లీతో చేసినది కొంత విడివిడిగా బట్టీ పట్టి, తర్వాత కలుపుతారు. 50 శాతం ఆల్కహాల్, మితమైన పొగ, దండిగా తీపి. బెంగళూరు వేడికి పీపాలో విస్కీ త్వరగా పండుతుంది, ఆవిరైపోయేదీ ఎక్కువే. అందుకే ఈ సీసాల మీద వయసు వెతకడం వృథా.

“ఏడాది కిందట తెరిచాను, ఇప్పుడు చప్పగా ఉంది”

సీసా సగానికి దిగాక లోపలి గాలి పెరిగి, ముందు పలచబడేది పైపై వాసనలే. పొగ మాల్ట్‌లో ఆ నష్టం వెంటనే తెలుస్తుంది. సగం దాటాక చిన్న సీసాలోకి నిండుగా మార్చండి. కిటికీ ఎండ తగలని అల్మారాలో నిలబెట్టే ఉంచండి. వైన్‌లా పడుకోబెడితే ఘాటు ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. వేసవిలో కారు డిక్కీలో పగలంతా వదిలేయడం అన్నిటికంటే చెడ్డ పని. లోపలి గాలి వ్యాకోచించి బిరడా వదులవుతుంది.

విదేశం నుంచి తెచ్చుకునేటప్పుడు

భారత్‌కు వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లే. విమానాశ్రయ దుకాణాల్లో ఆ చోటుకే ప్రత్యేకంగా చేసిన, వయసు రాయని సీసాలు మెరిసే పెట్టెల్లో ఎదురొస్తాయి. శాతం 40 అని ఉంటే పక్కన పెట్టేయండి, పొగ మాల్ట్‌కు అది చాలదు. లాఫ్రాయిగ్ 10 కూడా బ్రిటన్‌లో 40, అమెరికాలో 43 శాతంతో దొరుకుతుంది. డాలస్ నుంచి వచ్చే బంధువు ఉంటే ఆ సీసా అక్కడి నుంచే రప్పించుకోవడం మేలు. రెండో లీటరుకు జాగా మిగిలితే కాల్ ఈలా తీసుకోండి. సోడాతో తాగేవాళ్లకు ఇవ్వడానికి కూడా అది పనికొస్తుంది.