ఇంట్లోనే టెస్ట్ పైలట్ – 3వ పాఠం: విమానానికి మార్కులు వేయడం

పోయిన పాఠంలో జాయ్‌స్టిక్ తగిలించి, ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌లో నాగార్జునసాగర్ మీద 3,000 అడుగుల ఎత్తున తిన్నగా పోవడం నేర్చుకున్నాం. ఈసారి పరీక్ష నడిపేవాడికి కాదు, విమానానికి.

ముందు ఒక ట్రాక్టర్ సంగతి. మా ఊళ్లో ఒకాయన పాత ట్రాక్టర్‌కు స్టీరింగ్‌లో జానెడు ప్లే ఉంది. కొత్తవాడు ఎక్కితే గెట్టెక్కిస్తాడు. ఆయన మాత్రం నల్గొండ మార్కెట్ దాకా గీత గీసినట్టు తోలుకుపోతాడు. బండి ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉన్నది" అంటాడు. అబద్ధమేం కాదు, బండి లోపాన్ని ఆయన చేతులు సర్దేస్తున్నాయి. విమానాల డిజైనర్లకూ ఇదే తలనొప్పి. చెయ్యి తిరిగిన పైలట్ చెడ్డ విమానాన్ని కూడా బాగానే నడిపేస్తాడు. అందుకే ఎంత బాగా ఎగిరిందన్నదొక్కటే చాలదు, దానికి ఎంత తంటాలు పడ్డాడో కూడా తెలియాలి.

ఈ రెండూ కలిపి కొలిచే స్కేలును 1969లో నాసా వాళ్ల ఏమ్స్ పరిశోధన కేంద్రం టెస్ట్ పైలట్ జార్జ్ కూపర్, కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి చెందిన రాబర్ట్ హార్పర్ తయారు చేశారు. బడి మార్కులకు తలకిందులు: 1 వస్తే విమానం బంగారం, 10 వస్తే చేతిలో నిలవనిది. నేరుగా అంకె వేయకూడదు, మూడు ప్రశ్నలు దాటి రావాలి. అసలు అదుపులో ఉందా? లేకపోతే 10. ఉంటే, ఓర్చుకోగలిగే కష్టంతో పని సరిపడా జరిగిందా? లేకపోతే 7 నుంచి 9. జరిగితే, ఏ మార్పూ చేయకుండా ఇలాగే వదిలేయొచ్చా? వద్దంటే 4 నుంచి 6, సరేనంటే 1 నుంచి 3.

'సరిపడా' అంటే ఎంతో ఎగరకముందే కాగితం మీద రాసుకోండి. నేను పెట్టుకున్నది: రెండు నిమిషాల పాటు 3,000 అడుగుల దగ్గర, 50 అడుగులు అటూఇటూ అయితే మంచిది, 100 అయితే సరిపడా. గాలి కుదుపులు కొంచెం పెట్టండి, లేకపోతే విమానం దానంతటదే పోతుంది, కొలవడానికేమీ మిగలదు.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే మా మేనల్లుణ్ని కూర్చోబెట్టాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి వాడికి చెప్పకుండా జాయ్‌స్టిక్ డెడ్ జోన్ పెంచి. అంటే స్టిక్‌ను కొంత కదిలించినా విమానం పట్టించుకోదు, అచ్చం ఆ ట్రాక్టర్ స్టీరింగే. రెండుసార్లూ 50 అడుగుల లోపలే ఉన్నాడు! ఆల్టిట్యూడ్ అంకెలు మాత్రమే చూస్తే రెండు విమానాలూ ఒకటే.

కానీ మధ్యమధ్యలో చిన్న లెక్కలు అడుగుతూ వచ్చాను. మొదటిసారి "పదిహేడు ఐదులెంత" అనగానే ఎనభై ఐదన్నాడు. రెండోసారి అలాంటి లెక్కకే "ఆగు మామా" అని, కన్ను మీటర్ మీద నుంచి తీయలేదు. జవాబు రానే లేదు. ఇలా పక్కపని ఇచ్చి మనసులో ఎంత ఖాళీ మిగిలిందో చూడటం పరిశోధకుల పాత పద్ధతే. దిగాక మార్కులడిగితే వాడూ "మంచిగనే ఉంది, 2 వెయ్" అన్నాడు. ఒప్పుకోలేదు. మూడు ప్రశ్నలూ వరసగా అడిగాను. మూడో దాని దగ్గర ఆగిపోయాడు. "ఇట్లనే ఉంచుతవా మామా? స్టిక్ ఏదో లూజుగా ఉంది" అని 5 వేశాడు.

ఒక్క పరిమితి ఉంది. కుర్చీలో కూర్చున్నవాడికి నేల ఢీకొంటుందన్న భయం ఉండదు, దాంతో కొన్ని లోపాలు బయటపడవు. 1977 అక్టోబరు 26న ఎంటర్‌ప్రైజ్ అనే స్పేస్ షటిల్ దిగబోతూ రన్‌వే దగ్గరికొచ్చి ఊగిపోయాక, కంట్రోల్‌లో ఆలస్యం, అంటే స్టిక్ కదిపాక విమానం స్పందించడానికి పట్టే సమయం, ఎంత చేటు చేస్తుందో తేల్చడానికి నాసా ఎఫ్-8 అనే జెట్ విమానాన్ని నిజంగానే గాల్లోకి పంపింది.

ఈ వారం పని: ఇద్దరితో ఇదే పరీక్ష చేయించండి. ఒకరికి డెడ్ జోన్ ముందు, ఇంకొకరికి తర్వాత. అంకెతో పాటు వాళ్లన్న మాటలూ ఉన్నవున్నట్టు రాసుకోండి. 4వ పాఠంలో ఆలస్యం సంగతి చూద్దాం, ఆ నోట్సు దగ్గర పెట్టుకోండి.