స్లాబు తేదీ నుంచి వెనక్కి లెక్కేయండి

ప్రాజెక్ట్ మేనేజర్ పని ఇంటి స్లాబు దగ్గర బాగా వంటబడుతుంది. ముందు స్లాబు తేదీ రాసి వెనక్కి లెక్కేయండి: తనిఖీ, కరెంటు పైపులు, ఇనుము, సెంట్రింగ్. ఎక్కువగా దెబ్బతినేది పైపుల దగ్గరే. ఎలక్ట్రీషియన్‌ను ఆఖరిరోజు పిలిస్తే హడావుడిలో ఫ్యాన్ బాక్సు మర్చిపోతాడు, తర్వాత స్లాబు పగలగొట్టాలి. కింది కమ్మీలు కట్టగానే రప్పించండి. బాక్సులు గదివారీగా మీరే లెక్కపెట్టండి, కాంక్రీటు దూరకుండా కాగితం కుక్కించండి.

పోశాక తొందర అస్సలు వద్దు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్) సిమెంటుతో పోసి, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింద జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. పీపీసీ (బూడిద వంటివి కలిపిన సిమెంటు) అయితే ఇంకా ఆగాలి, నీళ్లు కనీసం 10 రోజులు పట్టాలి. ఎంతమంది కూలీలను పెట్టినా ఈ రోజులు తగ్గవు. ఆలోగా కిటికీల ఆర్డరు ఇచ్చేయండి.