వరిలో కలుపు ఎంత దిగుబడి తింటుందో కొలిచే పద్ధతి

నెల్లూరు డెల్టా వరి మడిలో ఊద, తుంగ లాంటి కలుపు మొక్కలు ఎంత దెబ్బ తీస్తాయో తెలియాలంటే 5×4 మీటర్ల చిన్నమళ్లు ఆరు కట్టండి. మూడింటిలో కోత దాకా చేత్తో కలుపు తీయండి, మూడింటిలో కొలతకు తప్ప అసలు ముట్టుకోవద్దు. రెండు రకాల మళ్లూ పక్కపక్కన జతలుగా ఉండాలి. ఒకేచోట గుంపుగా పెడితే నేల తేడా కూడా కలుపు ఖాతాలో పడుతుంది. ఎరువు అన్నింటికీ ఒకే మోతాదు. నీరు మాత్రం ఒక మడి నుంచి ఇంకో మడికి పారకూడదు, యూరియా కొట్టుకుపోతుంది.

నాటిన 20, 40 రోజులకు అరమీటరు చదరం చట్రాన్ని మడికి రెండుచోట్ల వేయండి. గట్టు పక్కన వద్దు, అక్కడ కలుపు ఎప్పుడూ ఎక్కువే. లోపలి కలుపును రకాలవారీగా లెక్కించి, రెండుచోట్ల సగటును నాలుగుతో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. లేత ఊదను వరనుకోవడం మామూలే: ఆకు కాండాన్ని చుట్టే చోట వరికి తెల్లని పొర, నూగు ఉంటాయి, ఊదకు నున్నగా ఉంటుంది. సంఖ్య కన్నా బరువే నమ్మదగ్గది. వేర్లు కోసేసి, బరువు ఇక తగ్గనంతవరకూ ఎండబెట్టి తూచండి.

కోతకు చుట్టూ అరమీటరు వదిలి, మధ్య 12 చదరపు మీటర్లే కోయండి. గింజ తేమ 14 శాతానికి వచ్చాకే తూకం. కలుపు లేని మడిలో 6 కిలోలు, ఉన్నదానిలో 4.2 వస్తే, తేడా 1.8ని 6తో భాగించండి: నష్టం 30 శాతం.