విప్పిన వేసవి టైర్లను ఇలా దాచండి

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. విప్పిన వేసవి టైర్లను ఎలా పడితే అలా గ్యారేజీ మూలన పడేయకండి. ఏ చక్రం ఎటువైపుదో విప్పగానే సుద్దముక్కతో రాయండి. వసంతానికి ఎవరికీ గుర్తుండదు. గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లు తీసి, కడిగి, పూర్తిగా ఆరాక నల్ల చెత్తసంచుల్లో పెట్టి, గాలి లేకుండా బిగించి కట్టండి. రిమ్ములతో ఉంటే ఒకదానిపై ఒకటి పడుకోబెట్టవచ్చు. ఉత్త టైర్లయితే నిలబెట్టి, అప్పుడప్పుడు కాస్త దొర్లించాలి. ఫర్నేసు (ఇంటిని వేడిచేసే యంత్రం), మోటార్ల పక్కన మాత్రం వద్దు: విద్యుత్ మోటార్ల నుంచి వెలువడే ఓజోన్ వల్ల రబ్బరు బీటలు వారుతుంది. మెరుపు కోసం పూసే ద్రవాలు దండగ. పనిలో పనిగా టైరు పక్కభాగంలో డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే అక్షరాలు, అంకెల వరుస) చివరి నాలుగంకెలు చూడండి: 3514 అంటే 2014లో 35వ వారపు తయారీ. పదేళ్లు దాటినవాటికి ఇంత శ్రమ అనవసరం.