గుడ్డితనం మీద కథ రాస్తున్నారా? ముందు కళ్ళున్నవాడి సంగతి తేల్చండి

నా తప్పుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ కిందట చూపులేని ఒక పెద్దాయన మీద కథ రాశాను. ఆయన మెట్రోలో పక్కవాళ్ళ మొహాలు తడిమి వాళ్ళ కష్టాలు చెప్పేస్తుంటాడు, చివర్లో కథ చెప్పే కుర్రాడికి ‘నిజమైన గుడ్డివాణ్ణి నేనే’ అని జ్ఞానోదయం అవుతుంది. రాస్తున్నప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. పద్మారావునగర్‌లో మా పై ఫ్లాటులో ఉండే, పుట్టుకతో చూపులేని మిత్రుడికి పంపితే, ఫోన్లో తెరమీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని, నాకు ఒక్క ముక్క అర్థంకానంత స్పీడులో మొత్తం వినేసి, ‘‘మెట్రోలో ఎవరి మొహమన్నా తడిమితే తంతారు గురూ’’ అన్నాడు. నవ్వేశాను. ‘‘సరే గానీ, కథంతా అయిపోయింది, ఆ పెద్దాయనకి ఒక్కసారైనా టీ తాగాలనిపించలేదేంటి?’’ అన్నాడు. దానికి మాత్రం నవ్వు రాలేదు.

కాబట్టి మొదట చేయాల్సిన పని ఇది: కంటికి చూపు లేకపోవడం వేరు, బుర్రకి ఎక్కకపోవడం వేరు, ఈ రెండింటికీ మధ్య మీరు కట్టిన తాడు తెంపెయ్యండి. చూపు పోయినంత మాత్రాన మనోనేత్రం అనేది ఫ్రీగా ఏమీ రాదు. మనకి ధృతరాష్ట్రుడు ఉండనే ఉన్నాడు. ఆయన పుట్టుగుడ్డి, కానీ కురుక్షేత్రం తెచ్చిపెట్టింది ఆ గుడ్డితనం కాదు, కొడుకు మీద మమకారం. యుద్ధం గురించి సంజయుడు పూసగుచ్చినట్టు చెబుతూనే ఉన్నాడు, ఏది ధర్మమో ఆయనకి తెలియకా కాదు. అన్నీ అయ్యాక కూడా ఇనప భీముణ్ణి కావలించుకుని నుగ్గుచేశాడు. ధృతరాష్ట్ర కౌగిలి అనే మాట ఇప్పటికీ వాడుతున్నామంటే, అందులో మనం గుర్తుపెట్టుకున్నది ఆయన కళ్ళని కాదు, చేతుల్లోని కసిని.

ఇంకో సంగతి. తెలుగులో ‘చూడటం’ కళ్ళ సొత్తు కాదు. రుచి చూస్తాం, తిని చూస్తాం, అడిగి చూస్తాం, పిల్లాడికి జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూస్తాం. అదే నోటితో ‘చూద్దాంలే’ అన్నామంటే ఆ పని ఇక చూడబోమని అర్థం. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని చీకటి, వెలుగు, అజ్ఞానపు తెర అంటూ రాయడమెందుకు? మా పై ఫ్లాటాయన ‘‘నిన్న క్రికెట్ చూశాను’’ అనే అంటాడు. మీ పాత్రని కూడా అననివ్వండి, దాన్ని విశేషంలా ఎత్తి చూపకండి.

ఈ బాపతు కథల్లో నేను పదేపదే చదివేది అమెరికన్ రచయిత రేమండ్ కార్వర్ రాసిన ‘కెథీడ్రల్’. మొదట 1981లో అచ్చయింది. భార్య పాత స్నేహితుడు, చూపులేనివాడు, ఇంటికి వస్తున్నాడు, కథ చెప్పే భర్తకి అది ఇష్టం లేదు. చూపులేనివాళ్ళ గురించి అతనికి తెలిసిందల్లా సినిమాల్లో చూసిందీ ఎక్కడో చదివిందీను, అందుకే వచ్చినాయనకి గడ్డం ఉండటం, ఆయన సిగరెట్ తాగడం కూడా వింతే. ఆ అతిథి మాత్రం మామూలు మనిషి, బాగా తింటాడు, తాగుతాడు, ఇంట్లో తనకి రెండు టీవీలున్నాయంటాడు. ఆఖర్న ఇద్దరూ ఒకరి చేతిమీద ఒకరు చెయ్యేసి, కాగితం సంచీ మీద బాల్‌పెన్నుతో చర్చి బొమ్మ గీస్తారు. కళ్ళు మూసుకోమంటే మూసుకున్న భర్త, తెరవమన్నా వెంటనే తెరవడు. కథ అక్కడే అయిపోతుంది. తనకేం అర్థమైందో అతను చెప్పడు, కార్వర్ కూడా చెప్పడు.

దీన్నించి నేను ఏరుకున్న కిటుకు ఒక్కటే. ‘నేను’ అని చెప్పే కథలో పాఠకుడికి ఆ నేను చూసిందే కనిపిస్తుంది. చాలామంది, తెలివి తక్కువవాడు కదా అని అతని చేత ఏదీ గమనించనివ్వరు. అప్పుడు పాఠకుడికీ ఏమీ దొరకదు. అందుకని అతన్ని బాగా చూడనివ్వాలి, లెక్కపెట్టనివ్వాలి, ఆ చూసినదానికి పేరు మాత్రం తప్పు పెట్టించాలి.

నా రెండో ప్రయత్నంలో ఒక ముక్క ఇది:

‘‘నాన్నకి ఈ మధ్య మొండితనం ఎక్కువైంది. పొద్దున్నే పేపర్లో సంతాప ప్రకటనలు కూడా అక్షరం వదలకుండా చదువుతాడు, పక్కనే పెట్టిన టీ గ్లాసు మాత్రం మోచేత్తో తోసేస్తాడు. నిన్నటిది మూడోది. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావంటే పలకడు. చిక్కడపల్లి స్టేషన్ మెట్ల మీద రెయిలింగ్ వదలడు, ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగుతాడు. వెనక జనం ఆగిపోతారు, నాకు తల కొట్టేసినట్టుంటుంది.’’

ఆ తండ్రికి ఉన్నది గ్లకోమా, మనవాళ్ళు నీటికాసులు అంటారు. చాలామందికి అది నొప్పి లేకుండా, పక్కచూపు తినుకుంటూ మెల్లగా వస్తుంది, నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది, పోయిన చోట నల్లమచ్చేం కనపడదు, మెదడే ఏదో ఒకటి సర్దేస్తుంది. అందుకే పేపర్లో సన్నక్షరం తెలుస్తుంది, గ్లాసు తెలియదు, తెలియడం లేదన్న సంగతి కూడా తెలియదు. కొడుకు మూడు గ్లాసులూ లెక్కపెట్టాడు, పాదం వెతుక్కోవడం కూడా చూశాడు, ఒక్కటీ వదల్లేదు. మొండితనం అన్నాడు చూడండి, కథ ఆ ఒక్క మాటలో ఉంది. కథలో ఎక్కడా జబ్బు పేరు రాయలేదు, మీరూ రాయకండి.

జబ్బు పేరు రాయకపోయినా మీకు మాత్రం తెలిసుండాలి. గుడ్డితనం అంటే నల్లటి తెర అనుకుంటే కథ అక్కడే చెడుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, అద్దాలు పెట్టుకున్నా మెరుగైన కంటి చూపు 3/60 కన్నా తక్కువుంటే అంధత్వమే, అంటే మామూలు కంటికి 60 మీటర్ల దూరంలో కనిపించేది ఆ మనిషికి 3 మీటర్లలో కూడా కనపడదన్నమాట. వీళ్ళలో చాలామందికి కొంత వెలుగో, ఆకారమో, రంగో తెలుస్తూనే ఉంటుంది. శుక్లాలైతే లోకం మసకబారుతుంది, రేచీకటి ఉంటే సాయంత్రం ఆరు దాటాక కష్టం. మీ పాత్రకి ఇందులో ఏది ఉందో, ఎప్పటినుంచి ఉందో తేల్చుకున్నాకే సీన్ రాయండి. పుట్టుకతో లేనివాళ్ళకీ, నలభై ఏళ్ళకి పోయినవాళ్ళకీ గుర్తులు వేరు, కోపాలు వేరు.

చూపులేని పాత్ర కథలో ఉంటే ఏదైనా పని చేస్తూ కనపడాలి, ఆ పని ఎలా చేస్తాడో దగ్గరనుంచి చూపించండి. మా మిత్రుడు నోట్లు జేబులో పెట్టుకునే ముందు మడతపెడతాడు, 500 అడ్డంగా సగానికి, 200 నిలువుగా, 100 మడత లేకుండా. 200 నోటుకీ 500 నోటుకీ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే, ఆటో దిగి వెనక హారన్లు మోగుతుంటే వేలితో కొలుచుకునే తీరిక ఎక్కడిది? ఈ మడతల్ని నా కథలో పెట్టుకున్నాను. తండ్రీకొడుకుల పై ఫ్లాటులో ఉండే ఆ మనిషి లిఫ్ట్ పాడైందని తిట్టుకుంటాడు, మెయింటెనెన్స్ ఎగ్గొట్టడానికి కొడుకుతో వాదిస్తాడు కూడా. పిసినారి. మొదటి డ్రాఫ్టులో, ఆయన మెట్ల మీద ఆ తండ్రి అడుగుల చప్పుడు విని ‘‘బాబూ, మీ నాన్నని డాక్టర్‌కి చూపించు’’ అన్నాడు. భలే కుదిరింది అనుకున్నాను, వారం తర్వాత కొట్టేశాను. మళ్ళీ ఆ మొహాలు తడిమే పెద్దాయనే వచ్చి కూర్చున్నాడు కదా!

రాయడం అయ్యాక ఒక పని చేయండి. కథలో కన్ను, చూపు, చీకటి, వెలుగు ఎన్నిసార్లు వచ్చాయో ఫోన్లో వెతకండి. మాటల్లో దొర్లినవి ఉండనివ్వండి, మీరు వర్ణనలో కూరినవి తీసెయ్యండి. కళ్ళు నెత్తికెక్కడం, గుడ్డెద్దు చేలో పడటం లాంటివి కొడుకు నోట్లో బాగుంటాయి, ఎందుకంటే అతను తండ్రిని తిడుతున్నాడు, తను ఏమంటున్నాడో తనకి తెలియదు.

ముగింపు దగ్గర చెయ్యి ఆగదు. తండ్రిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఒక కన్ను మూసి, గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టి, చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమంటే ఆయన నొక్కకుండా కూర్చోవడం, కొడుకు గుమ్మంలో నిలబడి ఏడవడం. నేనూ రాశాను అది, బాగానే వచ్చింది, కానీ అక్కడ డాక్టర్ చెప్పాకే కొడుక్కి తెలుస్తుంది, పాఠకుడికేమో రెండో పేజీలోనే తెలిసిపోయింది. అందుకని ఆసుపత్రి తీసేసి, మర్నాటి పొద్దుటికి తిరిగొచ్చాను. నాన్న పేపర్ చదువుతున్నాడు. కొడుకు టీ తెచ్చాడు, ఎప్పుడూ పెట్టే చోట పెట్టబోయి ఆగి, గ్లాసుని పేపర్ మీదే, సరిగ్గా ఆయన చదువుతున్న వరుస కింద పెట్టాడు. నాన్న విసుక్కుని, తాగాడు.