సరుగుడు కొమ్మ, వెదురు స్టార్, గోధుమ నారు: ఇంట్లో చేసుకునే క్రిస్మస్

డిసెంబరు 20న లేచి పండగ పనులు మొదలుపెడితే బజారే గతి. స్టార్ కొనాలి, చెట్టు కొనాలి, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మల సెట్టు కొనాలి, కేకు ఆర్డరివ్వాలి. పిల్లలకి మిగిలేది స్విచ్చి వేయడం ఒక్కటే. ఇంట్లోనే చేసుకోవాలనుంటే నవంబరు ఆఖరికల్లా చెయ్యి పెట్టాలి. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలనీ గుర్తు పెట్టుకుని, వారానికో పని అనుకుంటే హైరానా ఉండదు.

మాది బాపట్ల వైపు. నా పుట్టిల్లు ఫిరంగిపురం దగ్గర, ఆర్‌సీఎం వాళ్ళం, అంటే రోమన్ కాథలిక్కులం. మెట్టినిల్లు లూథరన్. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1842లో గుంటూరులో అడుగుపెట్టిన నాటి నుంచీ మేమీ సంఘంలోనే ఉన్నామని మా మావగారు గొప్పగా చెప్పేవారు. ఏ తాతగారు ఏ సంవత్సరంలో బాప్తిస్మం పుచ్చుకున్నారో అడిగితే మాత్రం దగ్గు వచ్చేది. పాక కట్టడం నేను పుట్టింట్లో నేర్చుకున్నా, స్టార్ కట్టడం అత్తింట్లో. ఇప్పుడు మా మనవరాళ్ళ చేత రెండూ కట్టిస్తున్నా.

ముందే ఒక మాట. అన్నీ ఇంట్లోనే చేయాలని నడుం విరగ్గొట్టుకోకండి. స్టార్, పాక, ఒక పిండివంట: ఈ మూడు చాలు. కేకు బేకరీలో కొనుక్కోండి, తప్పేం లేదు.

స్టార్‌తో మొదలుపెడదాం. వెదురు బద్దలు పది కావాలి. బుట్టలు అల్లేవాళ్ళ దగ్గర అడిగితే చీల్చి ఇస్తారు. మూడడుగుల పొడవు, చిటికెన వేలంత వెడల్పు, వంచితే వంగాలి గానీ విరక్కూడదు. పచ్చి వెదురు వద్దు, ఎండాక సన్నబడి కట్లన్నీ వదులవుతాయి. పెచ్చులు లేకుండా గరుకు కాగితంతో రుద్దండి. పిల్లల చేతుల్లో వెదురు పేళ్ళు గుచ్చుకుంటే ఆ సాయంత్రం ఇంక పని సాగదు.

అయిదు బద్దలు నేల మీద పరిచి, పిల్లలు చెయ్యెత్తకుండా గీసే అయిదు మూలల చుక్క ఆకారంలో పేర్చండి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి పోయేలా అల్లితే పట్టు ఉంటుంది. అయిదు కొసలూ పురికొసతో కట్టేయండి. ఇలాంటివి రెండు చేయాలి. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కొసకి కొస కలిపి మళ్ళీ కట్టండి. ఇప్పటికిది చపాతీలా బల్లపరుపుగా ఉంటుంది. లోపల బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు అయిదుంటాయి చూడండి, అక్కడ రెండు చట్రాల మధ్య జానెడు పుల్ల ఒక్కొక్కటి నిలబెట్టాలి. మొదటి పుల్ల తేలికే. మూడోది పెట్టేసరికి వెదురు మూలుగుతుంది. అయిదోది పెట్టడానికి ఇద్దరు కావాలి: ఒకరు బద్దలు ఎడంగా లాగి పట్టుకోవాలి, ఇంకొకరు పుల్ల దూర్చి కట్టాలి. ఆ ఆఖరి పుల్ల పడగానే స్టార్ ఒక్కసారిగా ఉబ్బి నిలబడుతుంది. ఆ క్షణానికి పిల్లల్ని దగ్గరుంచండి.

జిగురు కొనక్కర్లేదు. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల మైదా ఉండల్లేకుండా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే కాసేపటికి చిక్కబడి నిగనిగలాడుతుంది. చల్లారాక వాడాలి. పురుగు పట్టకుండా పాతకాలంలో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ ఊసే వద్దు.

కాగితానికి గాలిపటాల కాగితమే మేలు, వెలుతురు బాగా దూరుతుంది. ముందు వైపు అయిదు మూలలకి అయిదు ముక్కోణాలు, నడుమ అయిదు పలకల ముక్క ఒకటి, వెనకా అంతే, పక్కలకి ఇంకో పది ముక్కోణాలు. ప్రతి ముక్కకీ అరంగుళం అంచు వదిలి కత్తిరించి, ఆ అంచుని బద్ద చుట్టూ మడిచి అతికించండి. వెనక నడిమి ముక్క మాత్రం అతికించకండి, బల్బు పెట్టేది అందులోంచే. బల్బు హోల్డరు కాగితానికి తగలకుండా పైమూల వెదురుకి కట్టాలి. ఎల్‌ఈడీ బల్బే వాడండి. పాత తీగ బల్బులు వేడెక్కి కాగితం అంటుకునేది. కొవ్వొత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక మంచు. మా వైపు డిసెంబరు మంచుకి తెల్లారేసరికి కాగితం తడిసి వేలాడిపోతుంది. సన్‌షేడ్ కింద వేలాడదీస్తే సరి. డాబా మీద అందరికీ కనపడేలా కట్టాలని మగవాళ్ళు పట్టుబడితే, పైన పల్చటి ప్లాస్టిక్ కవరు తొడగండి.

చెట్టు గురించి రెండే మాటలు. కొండల్లో పెరిగే ఆ దేవదారు మనకి ఎక్కడిది? మన కోస్తాకి సరుగుడు ఉంది. తోట నరికే చోట అడిగితే నిలువెత్తు కొమ్మ ఇస్తారు. బకెట్లో తడి ఇసక పోసి నిలబెట్టి, రోజూ కాసిని నీళ్ళు పోయండి. ఆకు రాలుతుంది, తుడుచుకోవాలి. సరుగుడు కాయలకి సున్నం గానీ బంగారు రంగు గానీ పూసి దారంతో వేలాడదీస్తే అవే అలంకారం. ఏడాదంతా వచ్చిన శుభలేఖలు దాచిపెట్టుకోండి. వాటి బంగారు అట్టతో గంటలూ, చుక్కలూ, రాజుల కిరీటాలూ వస్తాయి. దేవుడి బొమ్మలున్న భాగం మేం కత్తిరించం. అది జాగ్రత్తగా తీసి పక్కింటి పిన్నిగారికి ఇచ్చేస్తాం. ఆవిడ ఇంట్లో వాళ్ళ పద్ధతి వాళ్ళకుంటుంది.

పాక దగ్గరకొద్దాం. ఇది నాకు ప్రాణం. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో అస్సీసి ఫ్రాన్సిస్ గారు గడ్డి పరిచిన తొట్టి పెట్టి, నిజమైన ఎద్దునీ గాడిదనీ తెచ్చి కట్టించి పండగ చేశారు. పాక పెట్టే ఆచారం అక్కణ్ణుంచే ఊళ్ళకి పాకింది. మా అమ్మమ్మగారి ఊరి గుళ్ళో కూడా ఒక దూడని తెచ్చి కట్టేవాళ్ళు. అది పూజ నడుస్తుండగా వరిగడ్డి నెమరేస్తూ ఉండేది.

ఇంట్లో పాకకి అట్టపెట్టె ఒకటి, వరిగడ్డి గుప్పెడు, తాటాకు ముక్క చాలు. తాటాకుతో కప్పు వేస్తే అచ్చం మన ఊరి పాకే అవుతుంది. మంచు పడ్డట్టు దూది అతికించకండి. మన పాక మీద అలా గడ్డకట్టిన మంచు ఎక్కడ చూశాం? బొమ్మలు చెరువు మట్టితో పిల్లలే చేస్తారు. మట్టిలో కాస్త దూది కలిపితే బీటలు తీయవు. నీడలో ఆరనిచ్చి రంగు వేయాలి. మరియమ్మ ముక్కు వంకరగా వస్తుంది, యోసేపు పొట్టిగా వస్తాడు, దిద్దకండి. ఆవులూ ఎద్దులబండీ కావాలంటే కొండపల్లి బొమ్మలు పెట్టుకోవచ్చు. తెల్ల పొణికి కర్రతో చేసిన ఆ బొమ్మలు పాకలో భలే ఇమిడిపోతాయి.

చుట్టూ పచ్చదనానికి గోధుమలు చల్లాలి. డిసెంబరు 14న రాత్రి నానబెట్టి, మర్నాడు పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన మట్టి పోసి, గింజకి గింజ తగిలేంత ఒత్తుగా చల్లి, పైన పల్చగా మట్టి కప్పండి. రోజూ నీళ్ళు చిలకరించాలి, పొయ్యకూడదు. మొలకలొచ్చేదాకా తడిగుడ్డ కప్పి, తర్వాత కిటికీ దగ్గర పెట్టండి. క్రిస్మస్ నాటికి నాలుగు వేళ్ళ ఎత్తు నారు లేస్తుంది. ఒక్కో పిల్లకి ఒక్కో పళ్ళెం ఇస్తే ఎవరి నారు ఎత్తుగా ఉందో కొలుచుకోవడంతోనే వాళ్ళకి పొద్దుపోతుంది.

తొట్టి మాత్రం 24 రాత్రిదాకా ఖాళీగా ఉండాలి. బాలయేసు బొమ్మని ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల ఆ రాత్రి తెచ్చి పడుకోబెడుతుంది. ఇక చుక్కని చూసి బాలయేసు దగ్గరకొచ్చే రాజుల్ని, అదే బైబిల్లోని జ్ఞానుల్ని, అప్పుడే పాకలో పెట్టేయకండి. వాళ్ళు తూర్పు నుంచి రావాలి కదా! మా ఇంట్లో ఒకటో తారీఖున వాళ్ళు తూర్పు గదిలో బీరువా మీద బయల్దేరతారు. పిల్లలు రోజూ కాస్త కాస్త జరుపుతారు. ఒకసారి చిన్నది ఫోన్ చేసి, “నాయనమ్మా, అక్క రాజుల్ని ఒకేసారి ఫ్రిజ్ దాకా తీసుకుపోయింది, వెనక్కి జరపమని చెప్పవా” అని తగువు పెట్టింది. వాళ్ళు పాక చేరేది జనవరి 6న, ముగ్గురు రాజుల పండగనాడు.

కథ చెప్పడానికి ఈ రాజుల నడకే సాకు. లూకా సువార్త రెండో అధ్యాయంలో గొల్లలున్నారు, తొట్టి ఉంది, జ్ఞానులు లేరు. మత్తయి రెండో అధ్యాయంలో జ్ఞానులున్నారు, చుక్క ఉంది, గొల్లలు లేరు. రెండూ ఒకేసారి కలగలిపి చెప్పకుండా, వేర్వేరు రాత్రుల్లో చెప్పండి. మధ్యలో ప్రశ్నలు వేయండి: జ్ఞానులు ముగ్గురని ఎక్కడుంది? పిల్లలు బైబిలు తెచ్చి వెతుకుతారు. కానుకలు మూడని తేలుతుంది గానీ, మనుషుల లెక్క దొరకదు. ఎద్దూ గాడిదా కూడా ఆ రెండు అధ్యాయాల్లో లేవు. చిన్నవాళ్ళకి ఇది గూఢచారి ఆటలా ఉంటుంది. బంగారం, సాంబ్రాణి, బోళం అంటే ఏంటో చూపించండి. అమ్మ చెవి దిద్దు చూపిస్తే బంగారం అయిపోయింది. నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే ఇల్లంతా తెలుస్తుంది. బోళం మూలికల కొట్లో అడిగితే చిన్న పలుకు ఇస్తారు. చేదు, నోట్లో పెట్టుకోనివ్వకండి, వాసన చూడనివ్వండి. దీపం ఒక్కటే ఉంచి చెబితే, రోజూ చెప్పే గొంతే అయినా పిల్లలు దగ్గరకి జరిగి కూర్చుంటారు.

పిండివంటకి గులాబీ పువ్వులు. గ్లాసు మైదా, అరగ్లాసు బియ్యప్పిండి, అరగ్లాసు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు. కొబ్బరిపాలు కొంచెం కొంచెంగా పోస్తూ, దోశపిండికన్నా రవ్వంత పలచగా కలిపి అరగంట ఉంచండి. కిటుకంతా అచ్చులో ఉంది. కొత్త అచ్చయితే ముందురోజే నూనెలో వేసి ఉంచాలి. అచ్చుని కాగే నూనెలో ముంచి బాగా వేడెక్కాక, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. సుయ్యిమని చప్పుడొస్తే సరిగ్గా కాగినట్టు. పిండి అచ్చు పైకెక్కిందంటే పువ్వు ఊడిరాదు. మళ్ళీ నూనెలో పెట్టి, అంచులు గట్టిపడగానే చిన్నగా కుదిపితే పువ్వు జారి తేలుతుంది. మొదటి రెండు మూడు అతుక్కుంటాయి, అచ్చు దారికొచ్చేదాకా అంతే. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే ఉండాలి. పిల్లలకి డబ్బాల్లో సర్దే పని ఇవ్వండి. సగం డబ్బాల్లోకి, సగం కడుపులోకి పోతాయని లెక్కేసుకునే పిండి కలపండి.

అరిసెలు చేసే ఓపిక ఉంటే చేయండి. లేకపోతే సంక్రాంతికి పక్కింటి నుంచి ఎలాగూ వస్తాయి, మన గులాబీ పువ్వుల పళ్ళెం ముందు వెళ్తుంది కాబట్టి.

క్యారల్స్ వాళ్ళు మీ ఇంటికి ఏ రాత్రి వస్తారో సంఘ యువకుల్ని అడిగి ముందే తెలుసుకోండి. తొమ్మిదన్నది ఒంటిగంట అవుతుంది. టీ డికాక్షన్ కాచి ఫ్లాస్కులో పోసి ఉంచితే, గంజిర చప్పుడు వీధి మొదట్లో వినపడగానే పాలు పెట్టుకోవచ్చు. కానుక కవరు పిల్లల చేత ఇప్పించండి, పాట కూడా వాళ్ళనే ఒకటి కోరమనండి.

జనవరి 6 సాయంత్రం రాజులు పాక చేరాక, అన్నీ దించేయండి. స్టార్‌కున్న కాగితం తడిగుడ్డతో తుడిచి ఊడదీయాలి; మైదా వాసనకి బొద్దింకలొస్తాయి. వెదురు ఆరాక కాస్త కొబ్బరినూనె రాసి, పాత చీర చుట్టి అటక మీద పెట్టండి, నాలుగైదేళ్ళు ఢోకా ఉండదు. మట్టి బొమ్మలు వరిపొట్టు పోసిన డబ్బాలో దాచాలి. విరిగిన గొర్రెలు తోటలో పడేస్తే మళ్ళీ మట్టిలో కలిసిపోతాయి. గోధుమ నారు మేకలున్నవాళ్ళకి ఇచ్చేయండి, పళ్ళెం మాత్రం వెనక్కి అడిగి తెచ్చుకోండి.