దాణాలో నూనె కలిపే ముందు

ఆనందపురం, పెందుర్తి వైపు పాడి రైతులు దాణాలో నూనె గానీ కొవ్వు గానీ కలపాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి.

– అన్నిటికన్నా ముఖ్యం వాసన. విశాఖ ఉక్కపోతకు నూనె, పచ్చి తవుడు త్వరగా ముక్కిపోతాయి. గుప్పెడు తవుడు అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకోండి. ఘాటుగా తగిలితే పశువుకు వేయకండి. బజ్జీల బండ్ల దగ్గర మిగిలే మాడిన నూనె ఎంత చవకైనా వద్దు, దయచేసి వద్దు.

– మొత్తం మేత పొడి పదార్థంలో (అంటే తేమ తీసేస్తే మిగిలే బరువులో) కొవ్వు 6-7 శాతం దాటకూడదు. తవుడు, పత్తి గింజల్లోని నూనె కూడా ఈ లెక్కలోదే. చాలామంది మరిచేది ఇక్కడే. ఎక్కువైతే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దెబ్బతిని గడ్డి సరిగా అరగదు, పాలలో వెన్న పడిపోతుంది. బైపాస్ కొవ్వుతో, అంటే పెద్దపొట్టలో కరగకుండా దాటిపోయి తర్వాత అరిగేలా తయారుచేసిన కొవ్వుతో, ఈ ఇబ్బంది తక్కువ. అయితే దాన్ని ఈనిన తొలి నెలల్లో, బాగా పాలిచ్చే పశువులకే ఇవ్వడం మంచిది.

– రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి.

– కొవ్వు కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి ఖనిజ మిశ్రమం తప్పనిసరి.

– పేడ పలచబడినా, మేత వదిలేసినా వెంటనే ఆపి పశువైద్యుడికి చూపించండి.